పెద్ద ప్రధానసంఖ్యయు మన బడిలెక్కయు

మన సికిందరాబాదు పెద్ద తపాలా కార్యాలయపు పిన్‌కోడు 500003. ఒకటియు, తానును దప్ప వేఱొక భాజకము లేనిదే ప్రధానసంఖ్య గదా. ఈ సంఖ్య చూపునకట్లే తోచును. ఇది బేసిసంఖ్య, అంకెల మొత్తము 8 గనుక 3 చే పోదు, చివర 5 లేదు. అయినను 7 చే భాగించినచో 71429 వచ్చి శేషము మిగులదు. కావున చూపును నమ్మరాదు.

పెద్దల మాటను నమ్మియు నిర్ణయింపరాదు. ఫ్రాన్సు దేశమున మెర్సెన్ అను క్రైస్తవ సన్యాసి గొప్ప గణితజ్ఞుడు. 67 రెండ్లను ఒకదానితో నొకటి గుణించి 1 తీసివేయగా వచ్చు సంఖ్య ప్రధానసంఖ్యయని ఆయన 1644లో ప్రకటించెను. అది కాదని 1876లో లూకా అను ఫ్రెంచి గణితజ్ఞుడు నిరూపించెను గాని భాజకములను జూపలేదు. 1903లో అమెరికాలో కోల్ అను ఆచార్యుడు 193707721ని 761838257287 చే గుణించి ఆ 21 అంకెల సంఖ్యనే రాబట్టెను.

2024 అక్టోబరులో అమెరికా దేశీయుడైన ల్యూక్ డ్యురాంట్ కనుగొన్నదియు నీ జాతిదే. 136279841 రెండ్లను గుణించి 1 తీసివేసిన నది వచ్చును. దాని అంకెలు 41024320. అప్పటికి తెలిసిన ప్రధానసంఖ్యలన్నింటిలో నిదియే పెద్దది. అంతటి సంఖ్యను శోధించు పద్ధతి మాత్రము మన పిల్లల పలకమీద ఇముడును. లూకా కనిపెట్టి, లేమర్ చక్కజేసిన పరీక్ష యది. 5 రెండ్లను గుణించి 1 తీయగా 31. 4తో మొదలిడి, వర్గముచేసి 2 తీసివేయగా 14. మరల నట్లే చేసిన 194. 31 చే భాగింప శేషము 8. మరల 64లో 2 తీయగా 62, శేషము సున్న. రెండ్ల లెక్కకు 2 తక్కువగా, అనగా 3 మారులు చేయగా సున్న వచ్చెను గనుక 31 ప్రధానసంఖ్య, రానిచో కాదు. డ్యురాంట్ సంఖ్యకు ఈ పనినే 136279839 మారులు చేయవలెను. ఒక యంత్రము చెప్పినదానిని వేర్వేరు యంత్రములపై మరల సరిచూచిన పిమ్మటనే దానిని లోకమునకు దెలిపిరి.

దీనివలన ప్రయోజనమేమని తల్లిదండ్రు లడుగవచ్చును. ధనము పంపు వ్యవహారములలో రహస్యరక్షణకు కొన్నివందల అంకెల ప్రధానసంఖ్యలు వాడుదురు; నాలుగు కోట్ల అంకెలది అందులకు పనికిరాదు. ఆ సాకు చెప్పి దీనిని బడిలోనికి దెచ్చుట మాకిష్టము లేదు. నేడు ఉత్తరమును చేతిలోని ఫోనే చెప్పుచున్నది. ‘ఎట్లు తెలిసినది?’ అను ప్రశ్నకు మార్కులు లేనిచో బాలబాలికలకు లెక్కలో మిగులునదేమి? వారమున కొక గంట ఈ ప్రశ్నకే కేటాయింపవలెనని మా యభిప్రాయము. పావులూరి మల్లన గణితమును పద్యములందు జెప్పిన తెలుగులో ఈ పరీక్షను వివరించుట కష్టము గాదు.

మొదటి గంటకు 127 చాలును: ఏడు రెండ్లు, అయిదు మారులు, శేషములు 14, 67, 42, 111, పిమ్మట సున్న. రెండవ గంటకు 2047. అది 11 రెండ్లనుండి వచ్చినది. 11 ప్రధానసంఖ్యయే, 2047 మాత్రము 23కును 89కిని లొంగును.