గియ్యనని కూర్చున్న పిల్లవాడు

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో చెట్ల కింద గ్రూప్స్‌కు చదివేవాళ్ల మధ్య అప్పుడప్పుడు ఒక డ్రాయింగ్ టీచర్ అభ్యర్థి కూడా కనబడతాడు. చేతిలో బ్రష్షు ఉండదు, కోఠి ఫుట్‌పాత్ మీద సగం ధరకు కొన్న గైడు ఉంటుంది. 2023లో గురుకుల బోర్డు ఆర్ట్ టీచర్ పోస్టులు ప్రకటించిన దగ్గర్నుంచి అలాంటివాళ్లు ఒకరిద్దరు పాత సంచికల కోసం మా పత్రిక ఆఫీసుకూ వస్తున్నారు. వాళ్లలో ఒకతను అన్నాడు: "బొమ్మ ఎట్ల గియ్యాల్నో నాకు తెలుసు సార్. గియ్యనని కూసున్న పిల్లగానితోని ఏం జెయ్యాల్నో ఏ గైడుల లేదు."

ఉద్యోగం రాకముందే ఈ బెంగ పట్టుకున్నవాడు మంచి మాస్టారు అవుతాడని మా నమ్మకం.

బడిలో డ్రాయింగ్ పీరియడ్ సంగతి తెలిసిందే. వారానికొకటి ఉంటే గొప్ప, అదీ లెక్కల సారు అడిగితే ఇచ్చేయాలి. 2009 విద్యాహక్కు చట్టం సైతం, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందకు పైగా పిల్లలుంటేనే కళలు నేర్పే మనిషి ఉండాలంది, అతన్నీ పార్ట్‌టైం అంది. చట్టమే అలా అన్నాక హెడ్మాస్టర్ని ఏమనగలం?

ఆ ఒక్క పీరియడ్‌లోనూ కొందరు చేతులు కట్టుకుని కూర్చుంటారు. "డ్రాయింగ్ బుక్కు మర్చిపోయిన సార్" అనే పిల్లవాడు చాలాసార్లు మర్చిపోయి ఉండడు, ఇంట్లో కొనిచ్చి ఉండరు. నిలబెట్టి అడిగితే పదిమందిలో ఆ సంగతి బయటపడుతుంది. బీరువాలో నాలుగు తెల్ల కాగితాలు, రెండు పెన్సిళ్లు ఉంచుకుంటే ఆ చిక్కు సగం తీరుతుంది. "నాకు రాదు" అనేవాడి కథ వేరు. కళావిద్యను అధ్యయనం చేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వెలువరించిన పుస్తకంలో పిల్లల బొమ్మల దశలను వివరించాడు. తొమ్మిదేళ్లు దాటాక పిల్లలు తమ బొమ్మను కంటికి కనబడే వస్తువుతో పోల్చుకోవడం మొదలుపెడతారు, పోలిక కుదరకపోతే సిగ్గుపడతారు. మొన్నటిదాకా గోడలన్నీ గీసినవాడు ఆరో తరగతికి వచ్చేసరికి పెన్సిలు కింద పెట్టేయడానికి అదొక కారణం. అది బద్ధకం కాదు, కన్ను ఎదిగింది, చెయ్యి ఇంకా అందుకోలేదు. సరిగ్గా ఆ వయసులో మనం బోర్డు మీద రెండు కొండలు, మధ్యన సూర్యుడు, గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు వేసి 'దించండి' అంటాం. అశోక్‌నగర్‌లో రెండు గదుల వాటాలో పెరిగినవాడికి ఆ గుడిసెతో పనేమిటి? వాడు రోజూ చూసే నీళ్ల ట్యాంకూ, కరెంటు తీగలూ, కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీలూ ఆ సీనరీలో ఎక్కడా లేవు.

రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావుది గియ్యనన్న పిల్లవాడికి తిరగేసిన కథ. ఆయన బొమ్మల్లో ముందు, పాఠాల్లో వెనక. అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్‌డ్రే ఆ కుర్రాణ్ణి మార్కులతో తూచలేదు, అతను వేసిన బొమ్మలు చూశాడు, బొంబాయి జె.జె. స్కూల్ దారి చూపించాడు. 1925లో, ఇరవై ఎనిమిదో ఏట పోయేలోగా రామారావు రాజమండ్రికి ఒక చిత్రకళా సంప్రదాయాన్నే ఇచ్చాడు. ప్రతి తరగతిలో ఒక దామెర్ల ఉన్నాడని మేము అనడం లేదు, ఆ మాట ఉపన్యాసాలకు బాగుంటుంది. చెప్పినది చేయని కుర్రాడు దానికి బదులు ఏం చేస్తున్నాడో కూల్‌డ్రే చూశాడు. మా అభ్యర్థికి పనికొచ్చేది అదే. గియ్యనన్న పిల్లవాడి లెక్కల నోటుబుక్కు ఆఖరి పేజీ తిప్పితే కత్తులు, బైకులు, హీరో పేరు లావుపాటి అక్షరాల్లో, ఒక్కోసారి మాస్టారి బొమ్మ కూడా ఉంటాయి. మాస్టారి బొమ్మ కనబడితే కోప్పడకుండా ముక్కు కుదిరిందో లేదో చూడాలి.

ఇదంతా నేర్పాల్సింది శిక్షణలో. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసైనవాళ్లకు టీటీసీ పేరుతో 42 రోజుల శిక్షణ ఉంది. అది జరిగేది వేసవిలో, బడులకు తాళాలు పడ్డాక. పిల్లలకు చెప్పడం నేర్చుకునేది పిల్లలు బడికి రాని రోజుల్లో! ఈ విడ్డూరం ఏళ్లుగా సాగుతోంది. బడులు తెరిచాక ఇంకో పది రోజులు కలిపి, ఈ కాబోయే మాస్టార్లను నారాయణగూడలోనో సుల్తాన్ బజార్లోనో ఏదో ఒక సర్కారు బడికి పంపాలి. పాఠం చెప్పమని కాదు, ఆఖరి బెంచీలో కూర్చోమని. విద్యాశాఖకు దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. వచ్చే వేసవి నోటిఫికేషన్‌లో ఆ ఒక్క వాక్యం చేర్చమని కోరుతున్నాం.