పాస్ శాతం ఒక్కటే హైస్కూలుకు కొలత కాదు
ఆరులో ఎందరు చేరారు, పదికి ఎందరు మిగిలారు అన్నదే అసలు లెక్క

చీమకుర్తి: పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే మండలంలో ఏ టీకొట్టు వద్ద చూసినా ఒకటే చర్చ. ఫలానా వూరి హైస్కూలులో నూటికి నూరుమంది పాసయ్యారని, తమ వూరి స్కూలులో ఎనభై శాతమే గట్టెక్కారని. ఈ అంకె పట్టుకుని జూన్‌లో టి.సి.లు తీసి పిల్లలను మరో చోట చేర్చే తల్లిదండ్రులూ వున్నారు. అయితే పాస్ శాతం చెప్పేది సగం సంగతే. మిగతా సగం స్కూలు రిజిస్టర్లలోనే వుండిపోతోంది.

ఉదాహరణకు రెండు హైస్కూళ్లలో ఆరో తరగతిలో 60 మంది చొప్పున చేరారనుకోవాలి. మొదటి స్కూలులో పదో తరగతి పరీక్ష నాటికి 30 మందే మిగిలారు, 30 మందీ పాసయ్యారు. అది నూరు శాతం. రెండో స్కూలులో 55 మంది పరీక్ష రాసి 44 మంది పాసయ్యారు. అది 80 శాతం. పేరు మొదటి స్కూలుకే వస్తుంది. కాని చేరిన 60 మందిలో పది దాటినవారు అక్కడ 30, ఇక్కడ 44. మధ్యలో తగ్గినవారిలో వేరే స్కూలుకు పోయినవారెందరు, చదువు మాని పనికి పోయినవారెందరు అన్నది తేలనిదే నూరు శాతానికి విలువ కట్టలేము.

ఏడాదికి ఏడాదికి పోల్చడంలోనూ జాగ్రత్త అవసరం. రాష్ట్రంలో పదో తరగతి ఉత్తీర్ణత 2022లో 67.26 శాతం, 2024లో 86.69 శాతం, 2025లో 81.14 శాతం. 2022లో పరీక్ష రాసిన పిల్లలు కరోనా వల్ల తరగతులు సరిగా జరగని రోజుల్లో చదివినవారు. కనుక ఒక్క ఏడాది ఫలితం చూసి స్కూలును మెచ్చుకోవడం గాని, తెగడటం గాని తగదు. కనీసం మూడేళ్ల లెక్క చూడాలి.

గురుకులాలతో జిల్లా పరిషత్ హైస్కూళ్లను పోల్చడం మరో పొరపాటు. 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో, 1972లో గుంటూరు జిల్లా తాడికొండలో గురుకులాలు మొదలయ్యాయి. అప్పటి నుంచి వాటికి మంచి పేరుంది. అయితే అక్కడ పరీక్ష పెట్టి పిల్లలను ఎంపిక చేస్తారు. తిండి, బస అక్కడే. రాత్రి చదువు దగ్గరుండి చదివిస్తారు. జిల్లా పరిషత్ హైస్కూలు వచ్చిన ప్రతి బిడ్డనూ చేర్చుకోవాలి. బోరు కింద పొలాన్నీ, వానకు ఎదురుచూసే మెట్ట చేనునూ ఒకే దిగుబడితో కొలిచినట్టుంటుంది ఈ పోలిక.

చీమకుర్తి ప్రాంతానికి మరో ప్రత్యేకత వుంది. రామతీర్థం, బూదవాడ, ఆర్.ఎల్.పురం వైపు గ్రానైట్ క్వారీలకు ఇతర రాష్ట్రాల నుంచి కూలీలు వస్తారు. వారి పిల్లల్లో ఇంట్లో తెలుగు మాట్లాడనివారుంటారు. పని మారితే ఏడాది మధ్యలోనే వూరు మారతారు. ఇక మిరప కోతలు, పొగాకు పనులు ముమ్మరంగా వుండేది పరీక్షలకు ముందు నెలల్లోనే. తల్లి కోతకు పోతే ఇంట్లో చంటివాణ్ణి చూసుకునేది తొమ్మిదో తరగతి ఆడపిల్లే. అందుచేత జనవరి నుంచి మార్చి దాకా హాజరుపట్టీ చూస్తే స్కూలు పనితనం ఫలితాల కన్నా ముందే తెలుస్తుంది.

తొమ్మిదో తరగతి వద్దనే గండి పడుతుందని గుర్తించాలి. 2009 విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల వరకే, అంటే ఎనిమిదో తరగతి దాకానే భరోసా ఇస్తుంది. ఆ తరువాత పిల్లవాడు మానేస్తే ఆ చట్టం కింద అడిగేవారు లేరు.

ఇక భవనాల సంగతి. 'మన బడి నాడు-నేడు' కార్యక్రమం 2019 నవంబరు 14న ఒంగోలులోనే ప్రారంభమైంది. మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బల్లలు ఆ జాబితాలో వున్నాయి. ఇవి అవసరమే. కాని గోడల రంగు రోడ్డు మీద పోయేవారికీ కనిపిస్తుంది. లెక్కల మాస్టారి పోస్టు ఖాళీగా వుంటే ఆ సంగతి క్లాసులో కూర్చున్న పిల్లలకే తెలుస్తుంది. లెక్కల్లో 35 మార్కులు రాకపోతే మిగతా సబ్జెక్టుల్లో ఎన్ని వచ్చినా పాసైనట్టు కాదు. 2025లో ప్రభుత్వం మెగా డీఎస్సీ ద్వారా 16,347 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. అందులో తమ స్కూలుకు ఏ సబ్జెక్టు మాస్టారు వచ్చారన్నది ప్రతి గ్రామమూ తెలుసుకోవలసిన విషయం.

స్కూలు కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే వుండాలని చట్టం చెబుతోంది. కమిటీ సభ్యులు హెడ్మాస్టరు గారిని అడగవలసినవి అయిదే ప్రశ్నలు. నాలుగేళ్ల కిందట ఆరులో ఎందరు చేరారు? టి.సి. తీసుకుని వెళ్లినవారెందరు? చదువు మానినవారెందరు, అందులో ఆడపిల్లలెందరు? పరీక్ష రాసి పాసయినవారెందరు? ఏ సబ్జెక్టు పోస్టు ఎన్ని నెలలుగా ఖాళీ?

ఈ అయిదింటికి జవాబులు ఒక్క కాగితం మీద రాసి ప్రతి హైస్కూలు నోటీసు బోర్డులో అంటిస్తే చాలు. ఖర్చు లేని పని. కొత్త అడ్మిషన్లు మొదలయ్యే లోగా మండల విద్యాశాఖాధికారులు ఇందుకు పూనుకుంటే, బిడ్డను ఏ బడిలో వేయాలో కూలి తల్లి కూడా తానే తేల్చుకోగలుగుతుంది.