రొయ్య తల ఎవరి పద్దులో?

"పరిమితికి లోబడే ఉంది" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నేను బి.కాం. చదివినవాణ్ని, సైన్సు నా విద్య కాదు. కానీ ఏ పద్దు చూపించి ఏ పద్దు దాస్తున్నారో కనిపెట్టడం బ్యాంకులో నా రోజువారీ పని.

మా మద్రాసుకు ఉత్తరాన ఉన్న ఎన్నూరు ఉప్పుటేరు సంగతే చూడండి. ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రం బొగ్గు కాల్చిన బూడిదను నీళ్లలో కలిపి గొట్టాల ద్వారా బూడిద చెరువుకు పంపుతూ వచ్చింది. ఆ గొట్టాలు కారి కొసస్థలై నదిలోనూ ఏటిలోనూ బూడిద మేటలు వేసింది. సంగతి జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి, 2022లో తీర్పూ వచ్చింది. బొగ్గు బూడిదలో సీసం, కాడ్మియం, క్రోమియం ఉంటాయి. 2023 డిసెంబరు తుపానులో చమురు నల్లగా తేలింది కనుక దేశమంతా చూసింది. లోహం తేలదు. బురదలో కూర్చుంటుంది. రొయ్యా, ఎండ్రకాయా (పీతను మేమలాగే అంటాం) మేసేదీ ఆ బురదలోనే.

ఎండ్రకాయ నెత్తురులో ప్రాణవాయువును మోసేది ఇనుము కాదు, రాగి. కాబట్టి రాగి దానికి కావాలి, మితిమీరితే అదే విషం. కాడ్మియంతో దానికి ఏ పనీ లేదు. అయినా అది కాల్షియం వేషం వేసుకుని మొప్పల్లోంచి లోపలికి దూరుతుంది. పాత పెంకు విడిచాక, కొత్తది గట్టిపడడానికి ఎండ్రకాయ నీటిలోని కాల్షియాన్ని ఆబగా లాక్కుంటుంది. దొంగ ఎక్కువగా దూరేదీ అప్పుడే. పెద్దవి తట్టుకునే మోతాదుకే పిల్లలు చస్తాయి. చచ్చిన పిల్లల్ని ఎవరూ లెక్కపెట్టరు. వల తేలికైతే "ఈ ఏడు కాలం బాగాలేదు" అంటారు.

అసలు మతలబు ఇక్కడుంది. ఒంట్లో చేరిన కాడ్మియం కండలో కంటే తలభాగంలోని జీర్ణగ్రంథిలోనే ఎక్కువగా పోగవుతుంది. ఐరోపావాళ్లు కిలోకు 0.5 మిల్లీగ్రాములని గీసిన హద్దు ఎండ్రకాయ కాళ్ల కండకూ, రొయ్య తోక కండకూ మాత్రమే. తలకు హద్దే లేదు. లోపలి ముద్ద తినేవారికి 2011లో వేరే జాగ్రత్తలు చెప్పుకున్నారు. వాళ్ల తిండికి వాళ్ల లెక్క సరే. మన ఇళ్లలోనో? పెంకులోని పసుపు ముద్దే రుచి అని పిల్లల కంచంలో వేస్తాం. రొయ్యపొట్టులో తల తీసేసేదెవరు?

కరెంటు వద్దా, ఉద్యోగాలు వద్దా అని అడిగేవారున్నారు. అప్పు కోసం వచ్చే ఫ్యాక్టరీ ఫైలులో స్థలం, యంత్రాలు, సరుకు అన్నీ ఆస్తులే. ఏరు ఏ ఆస్తిపట్టీలోనూ ఉండదు గనుక అది పాడైతే ఏ నష్టమూ రాయరు. ఆ ఏటిలో చేతులతో తడిమి రొయ్యలు పట్టి బతికే ఇరుళ ఆడవాళ్లకు చూపడానికి ఒక్క కాగితమైనా లేదు. కరెంటు ఎంతకు పడుతోందో చెప్పేటప్పుడు వాళ్ల కూలి కూడా ఖర్చులో రాయండి.

ఎన్నూరు ఎండ్రకాయను తీసుకెళ్లి కాళ్ల కండ వేరుగా, తల ముద్ద వేరుగా పరీక్షించండి. రెండు అంకెలూ పక్కపక్కన రాసి, తమిళంలోనూ తెలుగులోనూ చేపల బజారు గోడకు అంటించండి.