నాన్న వస్తే బాగుండు



మొన్న ఏడో తరగతి పాప ఒకరు కాంపోజిషన్‌లో ‘ఇఫ్ మై ఫాదర్ కేమ్ టు ది మీటింగ్, ఐ వుడ్ బి హ్యాపీ’ అని రాసింది. మీటింగ్ ఇంకా జరగలేదు కదా అని ఎర్ర పెన్నుతో ‘కమ్స్’, ‘విల్’ అని దిద్దాను. పాప నా దగ్గరికి వచ్చి, ‘నాన్న రారు మేడమ్’ అంది.

తప్పు నాదే. జరిగే అవకాశం ఉంటే ‘కమ్స్, విల్’. జరగదనుకుంటే ‘కేమ్, వుడ్’. ఇక్కడ ‘కేమ్’ నిన్నటి సంగతి కాదు, ఆశ తక్కువని చెప్పడం. అవకాశం దాటిపోయాక ‘హ్యాడ్ కమ్, వుడ్ హావ్ బీన్’.

ఈ మూడూ మన తెలుగులో ఉన్నవే: వస్తే బాగుంటుంది, వస్తే బాగుండు, వచ్చి ఉంటే బాగుండేది. ఈ తేడా ఇంట్లో విని పెరిగిన పిల్లలకు ఇంగ్లిష్‌లో చెప్పడం నాకు తేలిక. అందుకే ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడమని పిల్లల్ని బలవంతపెట్టకండి. తెలుగులో కబుర్లు చెప్పండి. ‘ఇఫ్’ వెంటనే ‘విల్’ రాయకూడదని నేర్పడం నా పని.

ఈ నెల మీటింగ్‌కి తప్పక రండి. ఆ పాప విషయంలో నా దిద్దుబాటే నిజమైతే బాగుండు.