సంఘసేవకు చదువెందుకు?

అంబర్‌పేట నుంచి ఒక తల్లిగారు వ్రాసిన వుత్తరం ఈ వారం నా బల్లమీద వున్నది. నాలుగు పేజీలు, రెండువైపులా. వారమ్మాయి నారాయణగూడాలో బి.కాం. పూర్తి చేసింది. కాలేజీలో వున్నన్నాళ్లూ ఎన్.ఎస్.ఎస్. పిల్లలతో కలిసి మూసీ వొడ్డు బస్తీలకు వెళ్లి వచ్చేది. ఇప్పుడు యం.ఎస్.డబ్ల్యు. చదువుతానని పట్టుబట్టి కూర్చున్నది. తండ్రిగారికి అమ్మాయిని అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగులో చేర్పించాలని వున్నది. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీలో చోటు పట్టుకుని చదువుకునే పిల్లలను చూపించి, "వాళ్లకున్న బుద్ధి నీకేదీ?" అంటున్నారట. నాయనమ్మగారు మరో దారి. "సంఘసేవకు చదువెందుకే? మనసుంటే చాలదూ?" అన్నారట.

ఆ తల్లిగారి ప్రశ్నలు ఇవీ: ఈ చదువు అన్నం పెడుతుందా? ఆడపిల్ల జన్మంతా బస్తీలు పట్టుకు తిరగవలసిందేనా? చదివితే ఎక్కడ చదవాలి? చివర ఒక మాట వ్రాశారు: "వాళ్ల నాన్నగారికి ఇంకా నాలుగేళ్లే సర్వీసు. దాని వెనక తమ్ముడున్నాడు. రెండేళ్లు వృథా అయితే మేము తట్టుకోలేము." ఈ చివరి మాట కోసమే ఈ వారం కాగితమంతా వారికే ఇస్తున్నాను. మిగిలిన వుత్తరాలవారు మన్నించాలి.

ముందు పెద్దావిడ ప్రశ్న. తెలుగు పాఠాలు చెప్పుకు బ్రతికేదాన్ని గనుక నా చూపు ముందు మాట మీద పడుతుంది. ఇంగ్లీషువాళ్లు సోషల్ వర్క్ అన్నారు. వర్క్ అంటే పని. మనం తెలుగు చేసేటప్పుడు దాన్ని సంఘసేవ చేశాము. పనికి కూలి వుంటుంది, నేర్పు వుంటుంది, చెడగొడితే అడిగేవాడుంటాడు. సేవకు ఇవేవీ లేవు, చేసినవారికి చేసినంత పుణ్యం. "సేవ చేస్తూ జీతమడుగుతావేమమ్మా?" అనే యజమానులు ఇవాళకీ వున్నారంటే కొంత పాపం ఈ తర్జుమాది. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో సమాజ కార్యం అంటున్నారు. అది వింటే నాకు శుభలేఖ గుర్తుకు వస్తుంది. అందుచేత ఇక్కడ సోషల్ వర్కు అనే వ్రాస్తాను.

నాయనమ్మగారి పక్షాన గట్టి సాక్ష్యం వున్నది, అదీ మీ యింటికి దగ్గరలోనే. విద్యానగర్ వైపు వెళ్లేటప్పుడు ఆంధ్ర మహిళా సభవారి ఆసుపత్రి మీరు చూసే వుంటారు. ఆ సభను 1937లో మదరాసులో స్థాపించిన దుర్గాబాయి గారు సోషల్ వర్కులో పట్టా పుచ్చుకున్నవారు కారు. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకు పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్లి కాదనుకున్నారు. 1923లో కాకినాడ కాంగ్రెసు సమయంలో ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర వలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్లాల్ నెహ్రూనే ఆపిన పిల్ల. 1952లో ప్రణాళికా సంఘ సభ్యురాలయ్యారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. దేశంలో సంక్షేమం అనే మాటకు ఆఫీసూ, బడ్జెట్టూ ఏర్పడింది ఆమె చేతిమీదుగా.

"చూశావా, నేను చెప్పలేదూ?" అని నాయనమ్మగారు అనబోతారు. కాస్త ఆగమనండి. దుర్గాబాయి గారు చదవకుండా చేశారా? ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, అక్కడ అక్షరం రాని స్త్రీ ఖైదీల గతి చూసి, బయటికి వచ్చాక మెట్రిక్ నుంచి మొదలుపెట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం, మదరాసులో న్యాయశాస్త్రం చదివారు. తనకు కావలసిన చదువేదో పని చూసి తెలుసుకున్నారు, తెలుసుకున్నాక వదలలేదు. సభ తొలిరోజుల్లో చేసిన ముఖ్యమైన పని కూడా ఆడపిల్లలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారు చెయ్యటమే. 1958లో బోర్డు తరఫున, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు తక్కువ కాలంలో పరీక్ష పాసయ్యే కోర్సులు పెట్టించారు. మనసు చాలుననుకున్న మనిషి చేసే పనులు కావివి.

మన నగరంలోనే ఇంకో ఇద్దరిని చూడండి. బాలకార్మికులను బడికి పంపించే పనికి 2003లో మెగసెసే బహుమానం అందుకున్న శాంతా సిన్హా గారు రాజనీతిశాస్త్ర ఆచార్యులు. అమ్మకం పాలైన ఆడపిల్లలను విడిపించే ప్రజ్వల సంస్థ సునీతా కృష్ణన్ గారు యం.ఎస్.డబ్ల్యు. చదివినవారు. కనుక ఈ పనికి వెళ్లే దారి ఒక్కటే అని ఎవరన్నా నమ్మకండి. అయితే అమ్మా, దుర్గాబాయి గారి దారి నడవటానికి దుర్గాబాయి గారు కావాలి. ఇరవై వొకటో ఏట మామూలు తెలివీ, మంచి పట్టుదలా వున్న మన పిల్లలకు ఎవరైనా పక్కన నిలబడి పని నేర్పాలి. యం.ఎస్.డబ్ల్యు. అనేది అందుకు.

ఏమి నేర్పుతారంటారా? క్షయరోగం సంగతి తీసుకోండి. మామూలు క్షయకు ఆరు నెలలు మందు మింగాలి. రెండో నెల తిరిగేసరికి దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఆటో తోలే మనిషి మందు మానేస్తాడు. జబ్బు మళ్లీ తిరగబెట్టి ఈసారి మందుకు లొంగనంటుంది. డాక్టరు చీటీ వ్రాయగలడు. ఇతను ఎందుకు మానేశాడన్నది చీటీలో లేదు. ఆసుపత్రికి వెళితే పూట కిరాయి పోతుందనా? ఇంటివాడికి తెలిస్తే గది ఖాళీ చెయ్యమంటాడనా? మాత్రలకు కడుపులో తిప్పుతుందనా? మంచి మనసున్న మనిషి వెళ్లి "మానకూడదు నాయనా" అని చెప్పి చేతిలో వంద రూపాయలు పెట్టి వస్తుంది. పని నేర్చిన మనిషి ముందు వింటుంది. ఆ యింట్లో ఎవరి మాట చెల్లుతుందో కనిపెడుతుంది. మందిచ్చే వేళ అతని పనివేళకు అడ్డం రాకుండా కేంద్రంవారితో మాట్లాడుతుంది. పోషణకని ప్రభుత్వం ఇచ్చే డబ్బు అతని ఖాతాలో పడుతున్నదో లేదో చూస్తుంది. చూసినదంతా కాగితం మీద పెడుతుంది. అతని జబ్బు సంగతి పక్కింట్లో చెప్పకుండా వస్తుంది. మన పేటల్లో ఈ చివరిదే అన్నిటికంటే కష్టం.

ఇదంతా క్లాసులో కూర్చుంటే రాదు గనుక ఈ కోర్సులో సగం ప్రాణం ఫీల్డువర్కు. సాధారణంగా వారానికి రెండు రోజులు ఆసుపత్రికో, బస్తీకో, బాలల గృహానికో వెళ్లాలి. వెళ్లి చేసినది వ్రాయాలి. దాన్ని అధ్యాపకులు చదివి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఇక్కడ నువ్వు వినలేదు, నీ మాటే చెప్పావు" అని ఎత్తిచూపాలి. ఆ కూర్చోబెట్టుకోవటం ఎక్కడ నిజంగా జరుగుతుందో అదే మంచి కాలేజీ. దూరవిద్యలో కూడా ఈ కోర్సు వున్నది, ఇగ్నో వారు నడుపుతున్నారు, అందులోనూ ఫీల్డువర్కు తప్పనిసరి. వుద్యోగం చేసుకుంటున్నవారికి అది మేలు. మీ అమ్మాయిలా అప్పుడే డిగ్రీ అయినవారు రోజూ వెళ్లే చదువే చదవాలంటాను.

మన దేశంలో ఈ చదువుకు మొదటి బడి 1936లో బొంబాయిలో పెట్టారు. నాగ్‌పాడా పేటలో బీదలమధ్య పనిచేసిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ దానికి మొదటి డైరెక్టరు. టాటాల ధర్మనిధి డబ్బు పెట్టింది. ఇప్పటి టాటా సాంఘికశాస్త్రాల సంస్థ అదే. మదరాసులో మేరీ క్లబ్‌వాలా జాదవ్ గారి పూనికమీద 1952లో మరో బడి వచ్చింది. ఈలోగా 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 500 మంది పనివాళ్లున్న చోట వెల్ఫేర్ ఆఫీసరు వుండాలన్నది. దాంతో సోషల్ వర్కు చదివినవారిలో చాలామంది కార్ఖానాలకు వెళ్లిపోయారు. ఇవాళ కొన్ని కాలేజీల్లో యం.ఎస్.డబ్ల్యు.లో హెచ్.ఆర్. శాఖ కనబడటానికి మూలం అదే. మీ వారు, "పోనీ ఆ శాఖ తీసుకోమను, కంపెనీలో వుద్యోగమొస్తుంది" అనవచ్చు. నా మట్టుకు అది వొప్పుదల కాదు. కంపెనీ వుద్యోగమే కావాలంటే బి.కాం. పిల్లకు యం.బి.ఏ. తిన్నని దారి. ఇంటి పెరటి దోవన కచేరీకి వెళ్లటమెందుకు?

ఇక అన్నం సంగతి. దాచకుండా చెబుతాను. మొదటి రెండు మూడేళ్లూ జీతం చిన్నదిగా వుంటుంది. స్వచ్ఛంద సంస్థల్లో వుద్యోగాలు చాలావరకు పథకం వున్నన్నాళ్లే వుంటాయి. డబ్బిచ్చేవారు ఆపితే వుద్యోగమూ ఆగుతుంది. వకీలుకు బార్ కౌన్సిల్ వున్నట్టు ఈ వృత్తి అంతటికీ పట్టా చూసి పేరు నమోదు చేసే మండలి మన దేశంలో లేదు. ఎవరైనా తనను సోషల్ వర్కర్ అని చెప్పుకోవచ్చు, ఎన్నికల ముందు చాలామంది చెప్పుకుంటారు కూడా. అమెరికాలో ఈ పనికి రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇస్తుంది. అక్కడ స్థిరపడ్డ మనవాళ్ల పిల్లలు ఈ చదువు చదువుతామంటే ఇంట్లో ఇంత రభస జరగకపోవటానికి అదొక కారణం కావచ్చు.

అయినా చట్టాలు మెల్లిగా ఈ చదువుకు చోటు చేస్తున్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఎవరో నిర్వచించారు. దానికి యం.ఎస్.డబ్ల్యు. మీద రెండేళ్ల యం.ఫిల్. శిక్షణ కావాలన్నారు. యం.ఫిల్. పట్టాల నిబంధనలు ఇటీవల మారుతూ వచ్చాయి గనుక ఆ దారిన వెళ్లాలనుకునేవారు చేరేముందు కనుక్కోవాలి. ఆసుపత్రుల్లో పనిచేసే సోషల్ వర్కర్లను 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం లెక్కలోకి తీసుకున్నది. చనిపోయినవారి బంధువులతో అవయవదానం సంగతి మాట్లాడే సమన్వయకర్తలున్నారు చూడండి, ఆ పనికీ 2014 నిబంధనలు ఈ పట్టాను మెచ్చుకున్నాయి. మనిషి పోయిన గంటలో ఆ యింటివారితో ఎలా మాట్లాడాలో నేర్చుకోకుండా ఎవరికి వస్తుంది? పెద్ద కంపెనీలు లాభంలో నూటికి రెండు వంతులు సంఘం కోసం ఖర్చు చెయ్యాలని 2013 కంపెనీల చట్టం అన్నది. ఆ డబ్బు సరిగా వెళ్లిందో లేదో చూడటానికీ మనుషులు కావాలి.

మీ వారికి ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పండి. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో ప్రాజెక్టు ఆఫీసర్లను, సూపర్‌వైజర్లను తీసుకునేటప్పుడు హోం సైన్సు, సోషియాలజీలతో బాటు సోషల్ వర్కు చదివినవారినీ పిలుస్తూ వచ్చారు. అంటే ఈ చదువు సర్కారు వుద్యోగానికి అడ్డు కాదు. ఆమె గ్రూప్స్ రెండేళ్ల తరువాత కూడా వ్రాసుకోవచ్చు, వయసు దాటిపోదు. సర్కారు కుర్చీలో కూర్చుని బీదల పని చేసినవారు లేరా? యస్.ఆర్. శంకరన్ గారు ఐ.ఏ.యస్. అధికారిగానే వెట్టిచాకిరీ విడుదలకు పాటుబడ్డారు.

బస్తీలు పట్టుకు తిరగటం గురించి అడిగారు. మీ అమ్మాయి ఇప్పటికే తిరిగింది, మీరు పంపించారు! చదువులో వున్నప్పుడు ఒంటరిగా వెళ్లదు, జట్టు వుంటుంది, సంస్థ వుంటుంది, పైన అధ్యాపకులుంటారు. సంబంధాలు రావని భయపడుతున్నారు కాబోలు, వుత్తరంలో ఆ మాట వ్రాసి కొట్టేశారు, నాకు కనబడింది. రాత్రి షిఫ్టులకు వెళ్లే పిల్లలకు సంబంధాలు రావటం మానాయా?

కాలేజీల మాట. హైదరాబాదులో ఉస్మానియా యూనివర్సిటీలో సోషల్ వర్కు శాఖ వున్నది. అంబర్‌పేట నుంచి ఎంత దూరమని! హాస్టలు ఖర్చు వుండదు, యూనివర్సిటీ ఫీజు ప్రైవేటుకంటె తేలిక. ప్రవేశం తెలంగాణ యూనివర్సిటీలన్నిటికీ కలిపి పెట్టే పి.జి. పరీక్ష ద్వారా. గచ్చిబౌలిలో రోడా మిస్త్రీ గారి పేరుమీద ఈ చదువుకే ఒక కాలేజీ వున్నది. టాటా సంస్థకు మన నగరంలోనూ ఒక ఆవరణ వున్నదిగాని, ముంబయిలో చెప్పే కోర్సులన్నీ ఇక్కడ వుండవు. జాబితా చూసుకుని దరఖాస్తు పెట్టాలి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం కూడా ఈ చదువు చెబుతున్నాయి. యం.ఎస్.డబ్ల్యు.కు డిగ్రీలో ఏ సబ్జెక్టు అయినా ఫరవాలేదు. బి.కాం. అడ్డం కాదు, పైగా సంస్థల లెక్కలు చూడటం వచ్చిన పిల్లకు గిరాకీ వుంటుంది. ఇంటరు అయిన పిల్లలుంటే వారికి బి.ఎస్.డబ్ల్యు. అనేది వున్నది. అది చెప్పే కాలేజీలు తక్కువ. దొరక్కపోతే సోషియాలజీ, సైకాలజీ వున్న బి.ఏ. చదివి తరువాత ఇటు రావచ్చు.

దరఖాస్తుకు ముందు అమ్మాయిని వెంటబెట్టుకుని మీ వారిని ఒక పూట ఆ కాలేజీలకు వెళ్లిరమ్మనండి. భవనాలు చూడనవసరం లేదు. రెండో సంవత్సరం పిల్లలను అడగాలి: వారానికి ఎన్ని రోజులు ఫీల్డుకు పంపుతున్నారు? ఎక్కడికి? మీరు వ్రాసిన నివేదికలు ఎవరు చదువుతారు, తిరిగి ఇస్తారా? ఒక్కొక్క అధ్యాపకునికి ఎంతమంది పిల్లలు? పోయినేడాది పాసయినవారు ఇప్పుడు ఎక్కడున్నారు, పేరు చెప్పగలరా? పేర్లు గబగబా చెబితే మంచిదే. "అందరికీ వచ్చాయండీ" అని వూరుకుంటే మరో కాలేజీ చూడండి.

ఇంకొకటి. ప్రవేశపరీక్షకు ఇంకా వ్యవధి వున్నట్టు వ్రాశారు. ఈలోపల అమ్మాయిని ఏదైనా ఆసుపత్రిలోనో, బాలల గృహంలోనో నెల రోజులు, రోజూ, జీతం లేకుండా పనిచెయ్యనివ్వండి. ఎన్.ఎస్.ఎస్. వేరు, అక్కడ స్నేహితులుంటారు, ఫొటో తీస్తారు, సాయంత్రానికి ఇంటికి వస్తారు. ఇక్కడ అదే మనిషి అదే కష్టంతో ముప్ఫై రోజులూ ఎదురు కూర్చుంటాడు, ముప్ఫయ్యో రోజునా తీరదు. రోజూ రాత్రి ఒక పేజీ వ్రాయమనండి. ఆ ముప్ఫై పేజీలూ ముందు వాళ్ల నాన్నగారు చదవాలి, మీరు తరువాత. ఆ నెలలో గ్రూప్స్ కోచింగుకు డబ్బు కట్టకుండా వుంటే చాలు. వాళ్లు ఒకసారి కట్టించుకున్న ఫీజు తిరిగి ఇవ్వరు.