అడిగి తీసుకుందాం, తిరిగి ఇద్దాం: ఉస్మానియా, తార్నాక నేల ప్రణాళిక

మేం ఉస్మానియా హాస్టళ్ల విద్యార్థులం, తార్నాక, లాలాపేట, హబ్సిగూడ, మాణికేశ్వర్‌నగర్ వాసులం. ఈ నేలకు బాకీ ఉన్నామన్న ఎరుకతో ఈ ప్రణాళిక ప్రకటిస్తున్నాం.

మా నమ్మకం

నేల నుంచి ఏం తీసుకున్నా ముందు అడగాలి. అవసరం మేరకే తీసుకోవాలి. కొంత వదలాలి. తిరిగి ఇవ్వాలి. ఈ నీతి ఆదివాసులది.

ఆదిలాబాద్ గోండు గూడేల్లో కొత్త పంట దేవతకు పెట్టనిదే ఎవరూ నోట పెట్టరు. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా అభిషేకానికి మెస్రం వంశీయులు జన్నారం దగ్గరి హస్తినమడుగు దాకా నడిచి వెళ్లి గోదావరి జలం తెస్తారు. ఒక్క ఝారీ నీళ్లకు రోజుల తరబడి నడక. అదే గోదావరి ఎల్లంపల్లి నుంచి 150 కిలోమీటర్లకు పైగా పైపుల్లో హైదరాబాద్‌కు వస్తే, నల్లా విప్పి పెట్టి పళ్లు తోముకుంటాం.

అమెరికా, కెనడాల్లో మహా సరస్సుల చుట్టూ ఉండే ఓజిబ్వే ప్రజలదీ ఇదే నడత. నీళ్లలో పెరిగే మనోమిన్ అనే అడవి వరి కోతకు ముందు చిటికెడు పొగాకు సమర్పిస్తారు. ఒకరు గెడ వేస్తూ పడవ నడుపుతుంటే, రెండోవారు కంకులను పడవలోకి వంచి కర్రతో మెల్లగా తడతారు. పండిన గింజ పడవలో రాలుతుంది, కొంత నీళ్లలో పడి వచ్చే ఏటికి విత్తనమవుతుంది. మిన్నెసోటాలోని వైట్ ఎర్త్ ఓజిబ్వేలు 2018లో ఆ వరికి హక్కులున్నాయని చట్టమే చేసుకున్నారు. భక్తిని చట్టం దాకా తెచ్చిన ఆ తెగువ మాకు కావాలి.

మా బాకీ

1939లో ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని ప్రారంభించిన నిజాం సర్కారే మరుసటి ఏడు జోడేఘాట్‌లో జల్, జంగల్, జమీన్ అడిగిన కొమురం భీంను కాల్చి చంపింది. చెంచుల మీద 1943లో, రాజ్‌గోండుల మీద 1948లో పుస్తకాలు వెలువరించిన హైమెండార్ఫ్ ఇక్కడ మానవశాస్త్ర ఆచార్యుడిగా పనిచేశారు. ఆదివాసుల బతుకు మనకు పాఠ్యాంశమైంది. వాళ్లు మాత్రం 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా పోడు పట్టాల కోసం కాళ్లరిగేలా తిరుగుతున్నారు. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని చెంచులు గొంతెత్తితే, 2019లో శాసనసభ ఆ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. గోండుల గుస్సాడీ ఆటకు చప్పట్లు కొట్టి, పట్టాల మాట రాగానే లేచిపోయేవాళ్ల వరసలో మేం ఉండం. వాళ్ల పూజలను అనుకరించం, వాళ్ల హక్కుల పక్కన నిలబడతాం.

మా డిమాండ్లు

1. క్యాంపస్‌లో ఎండుటాకులు తగలబెట్టడం ఆపాలి. కానుగ మొదట్లో కుప్ప పోసి నిప్పు పెడితే బెరడు మాడి చెట్టు ఆ వైపంతా ఎండిపోతుంది. గుంత తీసి ఆకు వేస్తే అదే ఎరువు.

2. చెట్టు కొట్టాలన్నా, బండ పేల్చాలన్నా ముందు విద్యార్థులు, పక్క బస్తీల వాళ్లు కూర్చున్న బహిరంగ విచారణ జరగాలి. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపేలోపే ఎంతో అడవి నేలకూలింది. యంత్రం కంటే ముందు విచారణ రావాలి.

3. క్యాంపస్‌లో మహ్ లఖా బాయి పేరు మీదున్న మెట్లబావిని బాగుచేసి ఊరుకుంటే చాలదు. దానికి వాన నీరు దిగే వాలులో కొత్త కాంక్రీటు పడకూడదు. ప్రతి హాస్టల్‌కూ ఇంకుడుగుంత ఉండాలి. బోర్ల నీటిమట్టం నెలనెలా నోటీసుబోర్డు ఎక్కాలి. భూగర్భ జలాలు కొలిచే ఎన్‌జీఆర్‌ఐ కూతవేటు దూరంలోనే ఉంది.

4. విశ్వవిద్యాలయ భూముల సర్వే పటం అందరి ముందూ పెట్టాలి.

5. ఆదివాసీ పెద్దలను అధ్యాపకులుగా పిలిచి తగిన వేతనం ఇవ్వాలి. గూడెంలో పరిశోధనకు గ్రామసభ అనుమతి తప్పనిసరి కావాలి. రాసినది వాళ్లకు అర్థమయ్యే భాషలో తిరిగి అందాలి.

మా కట్టుబాట్లు

మెస్‌లో తినగలిగినంతే వడ్డించుకుంటాం. సీతాఫలం కాయలకు కొమ్మ విరవం, కొన్ని పిట్టలకు వదులుతాం. బండల మీద సీసాలు, ప్లాస్టిక్ వదలం.

చెట్టు పేరు చెప్పి పేదవాడి గుడిసె కూల్చే పనికి మేం తోడు రాం. బస్తీ లేని పచ్చదనం మాకొద్దు. మాకు పెద్దలుంటారు, అధ్యక్షులుండరు. నిర్ణయం సభలోనే జరుగుతుంది. కంపెనీల సొమ్ము తీసుకోం.

పిలుపు

వచ్చే ఆదివారం పొద్దున 6 గంటలకు ఆర్ట్స్ కాలేజీ ముందు కలుద్దాం. మొదటి ఇంకుడుగుంతకు అనుమతి కోరే అర్జీ మీద అందరం సంతకాలు చేద్దాం. అనుమతి వచ్చిన రోజు తట్ట, గడ్డపార మీవి మీరే తెచ్చుకోండి.