రేపు రమ్మన్న తలుపు

మా మనవడు మంచం కింద టార్చిలైటు, బిస్కట్ ప్యాకెట్లు, నీళ్ళ సీసా, తాడు దాచాడు. ఏమిట్రా ఇదంతా అంటే, "జాంబీలొస్తే కావాలె గద నానమ్మా!" అన్నాడు. చచ్చినవాళ్ళు లేచొచ్చి బతికున్నవాళ్ళని పీక్కు తింటారుట.

నవ్వకండి. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య సంస్థే 2011లో, జాంబీలొస్తే ఏమేం సర్దుకోవాలో జాబితా వేసింది. అలా సిద్ధపడ్డవాళ్ళు తుఫానుకీ సిద్ధంగా ఉంటారని వాళ్ళ యుక్తి. బాగానే ఉంది. నా తగాదా సరుకులతో కాదు, ఆ భయంతో.

ఈ జాంబీ పెరిగింది ఎక్కడనుకున్నారు? మన బోధన్ వాళ్ళకి బాగా తెలిసిన చోటే, చెరుకు తోటల్లో! హైతీలో ఫ్రెంచివాళ్ళు ఆఫ్రికా మనుషుల్ని బానిసలుగా తెచ్చి ఆ తోటల్లో అరగదీశారు. చస్తేనైనా విశ్రాంతి అనుకునే ఆ బతుకులకి, చచ్చాక కూడా లేపి పని చేయిస్తారేమోనన్న దిగులే జాంబీ. 1932 నాటి 'వైట్ జాంబీ' సినిమాలోనూ అవి చక్కెర మిల్లులో చాకిరీ చేస్తాయే గానీ ఎవర్నీ తినవు. 1968 తర్వాతే సినిమాలు వాటికి మనిషి మాంసం మప్పాయి. చాకిరీ చేసినవాడి కథ కాస్తా తలుపేసుకున్నవాడి కథ అయిపోయింది!

మనమేం తక్కువ తిన్నామా? 1990లలో తలుపుల మీద "ఓ స్త్రీ! రేపు రా" అని రాసుకోలేదూ? రాత్రిళ్ళు ఆడదయ్యం తెలిసిన గొంతుతో పిలుస్తుందని, పలికితే చస్తామని! నిజామాబాదులో మా తలుపు మీద సుద్దముక్కతో రాసింది నేనే.

ఒకరాత్రి తలుపు చప్పుడైంది. "వదినా! జర తలుపు తియ్యి. పిల్లగానికి ఒళ్ళు కాలిపోతున్నది." పక్కింటావిడ గొంతు. గుర్తుపట్టాను. గుర్తుపట్టాను గనకే తియ్యలేదు! వాళ్ళాయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. చివరికి ఎదురింటి ముసలాయన రిక్షా తెచ్చి ఆస్పత్రికి చేర్చాడు. పిల్లాడు బతికాడు. మర్నాడు ఆవిడ నన్నేమీ అనలేదు. తలుపు మీది రాత చదువుకుని వెళ్ళిపోయింది.

ఆ ఫ్యాక్టరీ 2015లో మూతబడింది. సుద్దరాతలూ పోయాయి. బుద్ధి మారిందా? 2020లో కరోనా నయమై ఇంటికొచ్చినవాళ్ళని చూసి కూడా గడియలు పెట్టుకున్నాం కదా! ఎదుటివాళ్ళు మనుషులు కారనుకుంటే జాలి పడే పని తప్పుతుంది. భయంలో ఉన్న సుఖం అదే.

అయితే అర్ధరాత్రి ఎవరొచ్చినా తీసేయమంటావా, దొంగలు పడరూ అంటారు. లైటు వేయండి. కిటికీలోంచి చూడండి. పక్కవాళ్ళని లేపండి. జాగ్రత్త వేరు, భయం వేరు. జాగ్రత్త "ఎవరూ?" అని అడుగుతుంది. భయం అడగనివ్వదు.

మనవడి సామాన్లలో నేనూ ఒకటి చేర్చాను, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ ఫోన్ నంబర్లు రాసిన కాగితం.

"జాంబీలకి ఫోన్లుంటయా నానమ్మా?" అని నవ్వాడు.

"మనుషులకుంటాయిరా" అన్నాను.